కెప్టెన్ వాళ్ళ నాయిన

ఆగస్టు 4, సోమవారం

ఎరువుల దుకాణం వాళ్ళు జనవరిలో ఊరికే ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ బియ్యం డబ్బా మూత మీద బరువుకు పడి ఉంది. ప్రతి పేజీ అడుగునా ఏదో ఒక పురుగుమందు బొమ్మ. ఈ పేజీ కింద వరికి చల్లే గుళికలు. పరవాలేదు, పైన రాసుకోవడానికి జాగా ఉంది.

రాయడం ఎందుకంటే, ఇది ఎవరితోనూ అనకూడదు. అనకుండా ఉంటే నా కడుపు ఉబ్బిపోతుంది.

పొద్దున పాలాయన బండి చప్పుడు వినగానే మేజర్ ఎప్పటిలాగే గేటు వైపు పరుగెత్తాడు. సగం దూరం పోయాడో లేదో పక్కకు ఒరిగి పడిపోయాడు. మొరుగు లేదు, మూలుగు లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. నేను పెట్టిన కేకకు మా ఆయన సగం గీసిన గడ్డంతో బయటికొచ్చాడు.

"ఫిట్స్ వచ్చినయ్! తాళాలు తే, తాళాలు!" అన్నాను.

బీరువా తాళాల గుత్తి మేజర్ ముందుకాలి పంజాలో పెట్టి గట్టిగా మూసి పట్టుకున్నాను. ఎంతోసేపు పట్టలేదు. లేచాడు, ఒళ్ళు దులుపుకున్నాడు, ఏమీ జరగనట్టు పాలాయన మీద మొరిగాడు.

మా చిన్నప్పుడు వాడకట్టులో ఎవరికి ఫిట్స్ వచ్చినా చేతిలో ఇనుము పెట్టేవాళ్ళు. మనిషికి పనిచేసేది కుక్కకు చేయదా? చేసింది కదా, కళ్ళారా చూశాను.

"డాక్టర్‌కు జూపిద్దామా?" అన్నాడు మా ఆయన శ్యాంసుందర్. ఆయనకు బస్సు నడపడం, డాక్టర్‌కు చూపించడం, ఈ రెండే తెలుసు.

"నువ్వు జర సప్పుడు జెయ్యకుండ ఉండు. ఎవ్వలతోనన్న అన్నవంటే సూడు మరి," అన్నాను.

ఆగస్టు 5

బాగానే ఉన్నాడు. గిన్నె నాకి నాకి మెరిపించాడు. నేనే ఊరికే హైరానా పడ్డాను.

ఆగస్టు 6, బుధవారం

కోదాడ నుంచి సరోజన వదిన ఫోన్. నిజానికి ఆవిడ నాకు వదినా కాదు, ఏమీ కాదు. మూడేళ్ళ కిందట వాళ్ళ రూబీని క్రాసింగ్‌కని మా మేజర్ దగ్గరకు తీసుకొచ్చారు. డాబర్‌మ్యాన్ మగకుక్క, కాగితాలున్న జాతిది, సూర్యాపేటలో మాదొక్కటేనని ఎవరో చెప్పారట. అప్పుడు మగాళ్ళు నవ్వులాటకు "బావా, బావా" అనుకున్నారు. మేమూ వియ్యపురాళ్ళమైపోయాం. రూబీ పిల్లల్ని పెట్టినప్పుడు పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్క, డబ్బా నిండా లడ్డూలు పట్టుకుని పోయాను. కుక్క పురుడుకు సారె మోసినదాన్ని ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"ఏంటండీ వదినగారూ, మా అల్లుడుగారు ఎట్లా ఉన్నారు? వచ్చే నెలలో అమ్మాయిని మళ్ళీ తీసుకొస్తాం మరి. మేజర్ పిల్లలంటే ఇప్పట్నుంచే అడుగుతున్నారండీ జనం," అంది.

"మీ అల్లునికేంది వదినా, రాజా లెక్కున్నడు," అన్నాను.

ఉన్నాడు కదా మరి. అబద్ధమేముంది? వాడి జాతి కాగితానికి మా ఆయన చట్రం కట్టించి ముందుగదిలో పెట్టాడు. పక్కనే మా పెళ్ళి ఫొటో ఉంది. పెళ్ళి ఫొటో చట్రం చిన్నది.

ఆగస్టు 9, శనివారం

రాఖీకి ప్రవీణ్ వచ్చాడు. మా చిన్నమ్మ కొడుకు. నాకు సొంత తమ్ముళ్ళు లేరు, వాడే తమ్ముడు. మిర్యాలగూడలో చిన్న రైస్‌మిల్లు పెట్టుకున్నాడు. రూబీ పిల్లల్లో మగకుక్క వాటా కింద మాకు వచ్చిన పిల్లను వాడికే ఇచ్చాను. తండ్రి మేజర్ కాబట్టి ఒక మెట్టు దించి కెప్టెన్ అని పేరు పెట్టుకున్నాడు.

వాడు నోరు తెరిస్తే కెప్టెన్ ముచ్చటే. "మా గేటు కాడ బిచ్చా లేడా అక్కా, వాచ్‌మన్? కెప్టెన్‌కు రోజు గుడ్లు ఉడకబెట్టేది గాయననే. నిన్న ఏమన్నడెర్కనా? 'సారూ, దీనికి గుడ్లు, నాకు గొడ్డుకారం. వచ్చే జన్మల నీ కుక్కనై పుడత' అన్నడు."

పడీ పడీ నవ్వాం. మా ఆయనకైతే పొలమారింది.

పోయేటప్పుడు ప్రవీణ్ మేజర్ మెడ నిమిరి, "గిదేందక్కా, తాళంచెవి కట్టినవ్?" అన్నాడు.

"దిష్టికి," అన్నాను. పాత ఇనప్పెట్టెది, బరువైనది, మొన్ననే వెతికి వాడి మెడ పటకాకు కట్టాను. మా ఆయన గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆగస్టు 13

మళ్ళీ. తాళంచెవి మెడలో ఉండగానే. మెడలో ఉంటే సరిపోదు కాబోలు, పంజాలోనే పెట్టాలి కాబోలు. పెట్టగానే లేచాడు. ఆయన డ్యూటీలో ఉన్నాడు. చెప్పలేదు.

ఆగస్టు 18, సోమవారం

కెప్టెన్ పోయాడు.

నేను నడిపే కర్రీ పాయింట్‌లో పప్పు పొయ్యి మీదుండగా ప్రవీణ్ ఫోన్ చేశాడు. ముందు ఏడుపే వినబడింది. ఇంట్లో మనిషే పోయాడనుకుని పొయ్యి ఆపేశాను.

"మంచిగనే ఉండె అక్కా. లారీ లోపలికొస్తుంటే గేటు కాడికి ఉరికిండు. మొరుగుకుంట మొరుగుకుంటనే పడ్డడు. మేం పోయేటాల్లకు ఖతం. మందు పెట్టిన్రక్కా."

"ఎవలు?"

"ఇంకెవలు, గా బిచ్చా! గాని సంచిల గుళికల ప్యాకెట్ దొరికింది. కుక్కకు గుడ్లు, నాకు గొడ్డుకారం అనుకుంట తిరిగెటోడు. గంత కడుపుల పెట్టుకున్నడని నాకేమెర్క?"

"నోట్లకెళ్ళి నురగ గిట్ల వచ్చిందా?"

"లే. ఏం రాలే. సప్పుడు గూడ లేకుంట పోయిండు."

హమాలీల ముందు, లారీవాళ్ళ ముందు, అందరి ముందూ అడిగాడట. నిడమనూరు దగ్గర తండాలో తనకు అరెకరం నాటు పడిందని, గుళికలు దానికి తెచ్చుకున్నానని బిచ్చా చెప్పాడట. ప్రవీణ్ వినలేదు. బిచ్చా తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడట.

ఈ నెలలో ఎవరి సంచిలో గుళికలుండవు? నా డైరీలోనే ఉన్నాయి. ఆ మాట అనబోయి మింగేశాను. పాపం, వాడు ఏడుస్తున్నాడు.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఆయన గుమ్మంలో పడుకున్న మేజర్‌ను చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "నాగరాణీ," అన్నాడు.

"అన్నం పెట్టాల్నా?" అన్నాను.

ఆగస్టు 19

నురగ రాలేదట.

ఆగస్టు 21, గురువారం

నేను కొట్టుకు పోగానే మా ఆయన మేజర్‌ను పశువుల డాక్టర్ దగ్గరకు తీసుకుపోయాడు. దొంగతనంగా! నాకు చెప్పకుండా! ఇంటికొచ్చి చూస్తే ఇద్దరూ తప్పుచేసిన మొహాలతో కూర్చున్నారు.

"గుండె కొట్టుకునుడు నడిమిట్ల ఆగుతుందట. హైదరాబాద్‌ల స్కాన్ తియ్యిపియ్యాలె అన్నడు."

"ఆ డాక్టర్‌కు ఇంకా మీసాలే సక్కగ రాలేదు, గాయనకు గుండె సంగతి ఏమెర్క?"

"మీసాలతోని ఇంటడా ఏంది? మిషిన్ పెట్టి ఇన్నడు."

ఒళ్ళు మండింది. రాత్రి ఆయనకు చల్లారిన కూరే పెట్టాను. తిన్నాడు. గిన్నె కూడా ఖాళీ చేశాడు. అదే ఇంకా మంట.

ఆగస్టు 24, ఆదివారం

సరోజన వదిన మళ్ళీ ఫోన్. రూబీ ఎదకొచ్చే రోజులు దగ్గరపడ్డాయట. "అల్లుడుగారికి ఈసారి వెండి పటకా చేయిద్దామంటున్నారండీ మా ఆయన," అని నవ్వింది. కెప్టెన్ సంగతి విని చాలా బాధపడింది. "ఎంత పాడు మనుషులండీ వదినా, నోరులేని దానికి మందు పెట్టడానికి చేతులెట్లా వచ్చాయో," అంది.

నేను ఊఁ అన్నాను. ఊఁ అంటే ఏమీ అన్నట్టు కాదు.

మేజర్‌కు కాస్త జ్వరం అని చెప్పాను. తగ్గాక చూద్దామన్నాను.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. ప్రవీణ్ వచ్చాడు. కెప్టెన్ పోయిన దగ్గర్నుంచి వాడి మొహం పీక్కుపోయింది.

"మిల్లులోల్లందరికి జెప్పిన అక్కా. మిర్యాలగూడల గాన్ని ఇగ ఎవ్వలు గేటు కాడ నిలవెట్టుకోరు. రెండు మిల్లులల్ల అడిగిండట, ఎల్లగొట్టిన్రు. కుక్కకు మందు పెట్టినోడు రేపు మనిషికి పెట్టడా?"

కుడుములు వడ్డిస్తుంటే నా చేతిలో పళ్ళెం వంగింది. మా ఆయన పట్టుకున్నాడు.

నాకేం తెలుసు? నేనేమైనా చూశానా? నిజంగానే పెట్టి ఉండొచ్చు. మనిషి కడుపులో ఏముందో ఎవరు చెప్పగలరు? గుడ్ల మీద అంత కన్ను ఉన్నవాడు. ఆ పిల్ల డాక్టర్ మాట పట్టుకుని నేను పోయి ఇది చెబితే, రేపు మేజర్‌కు ఏమీ లేదని తేలితే? ఎవరి మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

నురగ రాలేదు.

ఆగస్టు 30, శనివారం

ఈసారి మా ఆయన ఎదురుగానే పడ్డాడు. తాళాలు పెట్టాను. ఆలస్యంగా లేచాడు. లేచి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. వాడు ఎప్పుడూ గోడకు ఆనుకోడు.

హైదరాబాద్‌కు సరే అన్నాను. ఏమీ లేదని ఒకసారి పెద్ద డాక్టర్‌తో అనిపించుకుంటే సరోజన వదినకు ధైర్యంగా చెప్పొచ్చు. అందుకే వెళ్తున్నాను.

సెప్టెంబర్ 3, బుధవారం

నిన్ననే పోయాం. కుక్కల గుండె చూసే డాక్టరమ్మ. నా వయసే ఉంటుంది, జుట్టు నెరిసింది. ఈమెకు వంక పెట్టడానికి నాకు ఏమీ దొరకలేదు.

స్కాన్ తీశారు. ఒంటికి పట్టీ చుట్టి అందులో చిన్న మిషన్ పెట్టారు, రాత్రంతా గుండెను వినడానికట. మా ఆడపడుచు ఇంట్లో పడుకున్నాం. ఇవాళ పొద్దున మళ్ళీ పోతే ఆవిడ కంప్యూటర్ మా వైపు తిప్పింది. గీత గుట్టలు గుట్టలుగా లేస్తూ దిగుతూ పోతోంది. ఒక్కోచోట ఏమీ లేదు. సాపు.

"ఇది రక్తంలో వచ్చేదమ్మా. ఈ జాతి కుక్కల్లో చాలా ఎక్కువ. గుండె కండరం సాగిపోయి పలచబడుతుంది. కొట్టుకోవడం లయ తప్పుతుంది. మీరు ఫిట్స్ అంటున్నది ఫిట్స్ కాదు, గుండె ఆగి మళ్ళీ మొదలవడం."

"తాళాలు పెట్టంగనే లేస్తున్నడు కదమ్మా?"

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "పెట్టకపోయినా లేస్తాడమ్మా. లేచినన్నాళ్ళు లేస్తాడు," అంది.

మేజర్ నా కాలి మీదే తల పెట్టుకుని పడుకున్నాడు. మాత్రలు రాసింది. పరుగు తగ్గించమంది. మాత్రలతో కొన్నాళ్ళు బాగానే ఉండొచ్చంది, కొన్నాళ్ళు అంటే ఎన్నో చెప్పలేనంది. ఇకమీదట క్రాసింగ్ వద్దే వద్దంది.

"పిల్లలకు?" అని అడిగింది మా ఆయన. నేను కాదు.

"సగం పిల్లలకు రావచ్చు. కొన్నిటికి ఏ గుర్తూ ముందు కనబడదు. రెండు మూడేళ్ళ వయసులోనే పరుగెత్తుతూ పరుగెత్తుతూ పోతాయి. మీకు తెలిసినవాళ్ళ దగ్గర వీడి పిల్లలుంటే చెప్పండి, చూపించుకోమనండి."

అప్పుడు నేను అడిగాను. "అట్ల పోయినప్పుడు నోట్లకెళ్ళి నురగ వస్తదా అమ్మా?"

"రాదు. ఎందుకలా అడుగుతున్నారు?"

"ఊరికెనే," అన్నాను.

దారిలో మా ఆయన మాత్రలు కొన్నాడు. మేజర్ మెడలో తాళంచెవి నేను తీయలేదు. ఉంటే పోయేదేముంది.

సెప్టెంబర్ 4

రేపు చెప్తాను.

సెప్టెంబర్ 5

కొట్లో రద్దీ. క్యారేజీల ఆర్డర్లు. రేపు.

సెప్టెంబర్ 7, ఆదివారం

రాత్రికి గ్రహణం, మధ్యాహ్నమే కొట్టు మూసేశాం. "మిర్యాలగూడకు పోదాం," అన్నాను. మా ఆయన చొక్కా తొడుక్కున్నాడు. మిర్యాలగూడ వచ్చాక బండి మిల్లు వైపు తిప్పబోతే, "గటు కాదు. నిడమనూరు తొవ్వ పట్టు," అన్నాను. ముందు బిచ్చాకు చెప్పడం ధర్మమని నాకు నేను చెప్పుకున్నాను. దారంతా ఆ మాటే చెప్పుకున్నాను.

తండాలో అడిగితే ఇల్లు చూపించారు. చూపించినావిడ, "గా కుక్కను సంపినాయన ఇల్లేనా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

బిచ్చా మేకలకు తుమ్మకొమ్మలు కొట్టి వేస్తున్నాడు. యాభై దాటినట్టున్నాడు, సన్నగా, ఎండిపోయినట్టు. ఫలానా అని చెప్పుకుంటే గుర్తుపట్టాడు. ఆయన భార్య జమ్లీ చెంబుతో నీళ్ళు తెచ్చింది. నేను నిలబడే మొత్తం చెప్పేశాను. కెప్టెన్‌కు ఎవరూ మందు పెట్టలేదని, వాడి గుండెలోనే రోగం ఉందని, అది మా మేజర్ నుంచి వచ్చిందని, హైదరాబాద్‌లో డాక్టరమ్మ చెప్పిందని. చెబుతుంటే నా గుండె మీది బండ దిగుతున్నట్టే అనిపించింది.

బిచ్చా చివరిదాకా విన్నాడు.

"నాకెర్కనే గదమ్మా," అన్నాడు.

"ఏం ఎర్క?"

"నేను మందు పెట్టలేదని నాకెర్కనే గదా. నాకెందుకు జెప్తున్నవ్? ఎర్క లేనోల్లకు జెప్పు."

జమ్లీ తమ భాషలో భర్తతో ఏదో గబగబా అని, నా వైపు తిరిగింది. "సారు నలుగురి ముంగట అన్నడు. నువ్వు మా ఇంటికొచ్చి మెల్లగ జెప్తే ఎట్లమ్మా?" అంది. కోపంగా కూడా అనలేదు.

తిరిగి వస్తుంటే బిచ్చా వెనకే వచ్చాడు. "అయితే కెప్టెన్ వాళ్ళ నాయినకు గూడ గదే రోగమా? ఇప్పుడెట్లున్నడు?"

"మాత్రలేస్తున్నం."

"పాపం," అన్నాడు.

ఈ నెల రోజుల్లో మేజర్ ఎలా ఉన్నాడని అడిగినవాళ్ళలో, వాడి పిల్లల కోసం కాకుండా వాడి కోసం అడిగింది ఈయనొక్కడే. బండి మీద మా ఆయన వీపుకు మొహం ఆనించి ఏడ్చాను. హెల్మెట్ అడ్డం.

సెప్టెంబర్ 9, మంగళవారం

ఇవాళ కిరాయి కారులో మేజర్‌ను కూడా తీసుకుని ప్రవీణ్ మిల్లుకు పోయాను. టీ వేళకు చేరేలా చూసుకున్నాను. హమాలీలంతా బస్తాల మీద కూర్చుని ఉన్నారు. ప్రవీణ్ ఎదురొచ్చాడు.

కారు దిగీ దిగగానే అనేశాను. ఆగితే మళ్ళీ రేపు అంటానని నాకు తెలుసు. "ప్రవీణ్, బిచ్చా మందు పెట్టలేదు. కెప్టెన్ గుండె ఆగి పోయిండు. మేజర్‌కు గూడ అదే రోగం. నాయిన రక్తంల్నే వచ్చింది."

"అక్కా, నడువు, ఆఫీసుల కూసొని మాట్లాడుదం," అన్నాడు గొంతు తగ్గించి.

"ఈడనే. నువ్వు గాయన్ని ఆఫీసుల కూసోబెట్టి అన్నవా?"

వాడి మొహం ఎర్రబడింది. "రుజువేంది మరి? కెప్టెన్‌ను కోసి సూసిన్రా ఎవలన్న?"

"నా కాడ రుజువు లేదు. నీ కాడ ఉన్నదా?"

వెనకనుంచి ఒక హమాలీ, "నురగ రాలే. ఆ దినమే అనుకున్నం," అన్నాడు. ఇంకొకాయన, "గుళికలు మా సంచులల్ల గూడ ఉండె," అన్నాడు. మరి ఆ రోజు ఎందుకు అనలేదని నేను అడగలేదు. ఏ నోరు పెట్టుకుని అడుగుతాను?

ప్రవీణ్ చెయ్యి పట్టుకుని మేజర్ ముందుకాళ్ళ మధ్య, ఎదురొమ్ము మీద పెట్టాను. కొట్టింది. కొట్టింది. ఆగింది. వాడు ఉలిక్కిపడి చెయ్యి తీయబోయాడు. నేను వదలలేదు. మళ్ళీ కొట్టింది. మేజర్ వాడి చెవి నాకాడు.

వాడు అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "నీకెప్పటికెల్లి ఎర్క అక్కా?" అన్నాడు.

"నువ్వు ఫోన్ చేసిన దినం అనుమానం. పోయిన బుధవారం కెల్లి ఖాయం."

"మరెందుకు జెప్పలే?"

"మేజర్ పేరు పోతదని."

ఆ మాట నా నోటితో బయటికొచ్చాక నా చెవికే వినబడింది. ఒక కుక్క పేరు పోకుండా ఒక మనిషి పేరు పోనిచ్చాను. ప్రవీణ్ నన్నేమీ అనలేదు. వాడు మాత్రం ఏ నోటితో అంటాడు? ఇద్దరం అలాగే కూర్చున్నాం.

తిరుగుదారిలో మేజర్ పటకా నుంచి తాళంచెవి విప్పి డాష్‌బోర్డు మీద పెట్టాను.

సెప్టెంబర్ 10

కోదాడకు ఫోన్ చేశాను. ముందు వాతావరణం, తర్వాత ఆరోగ్యాలు, తర్వాత చెప్పాను.

సరోజన, "మరి మా బుజ్జి సంగతి?" అంది. రూబీ పిల్లల్లో వాళ్ళు ఉంచుకున్న ఆడపిల్ల బుజ్జి. "జ్వరం అన్నారు. నేను నమ్మానండీ. రోజూ పొద్దున్నే మా ఆయన బుజ్జిని సైకిలు వెంట పరుగు తీయిస్తున్నారు. ఒక్క మాట ముందు చెబితే ఆపేవాళ్ళం కదా."

తప్పయిందని చెప్పాను. ఇంకేం చెప్పను?

"ఆ డాక్టరమ్మ నంబరు పంపండి, నాగరాణిగారూ," అని పెట్టేసింది.

వదినగారూ అనలేదు.

సెప్టెంబర్ 15, సోమవారం

ప్రవీణ్ తండాకు పోయాడట. ఆ రోజు మిల్లులో ఉన్న హమాలీలను ట్రాక్టర్‌లో ఎక్కించుకుని మరీ పోయాడు. తండా అందరూ చూస్తుండగా తప్పు నాదేనన్నాడట. మిల్లులవాళ్ళకు మళ్ళీ ఫోన్లు చేసి తన మాట తనే వెనక్కి తీసుకున్నాడట. పనికి రమ్మంటే బిచ్చా రానన్నాడు. నేరేడుచర్లలో ఒక మిల్లు గేటు దగ్గర కుదిరాడట.

"ఇంకేమన్నడు?" అని అడిగాను.

"'గాడ కుక్క లేదు సారూ, నాకు గదే మంచిగున్నది' అన్నడక్కా," అని వాడు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

సెప్టెంబర్ 19

బుజ్జికి ప్రస్తుతానికి ఏమీ లేదట. ఏడాదికోసారి చూపించాలట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తారట. వాట్సాప్‌లో పంపింది. అల్లుడుగారు ఎలా ఉన్నారని అడగలేదు. నేనే రాశాను, మేజర్ మాత్రలు వేసుకుంటున్నాడని. రెండు నీలం గీతలు పడ్డాయి.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఎంగిలిపూల బతుకమ్మ. వాకిట్లో తంగేడు పూలు ఒలుస్తూ కూర్చున్నాను. గేటు చప్పుడైంది. తెల్ల చొక్కా, భుజాన తువ్వాల, చేతిలో గుడ్డసంచి. బిచ్చా.

"ఇయ్యాల సెలవమ్మా. కెప్టెన్ వాళ్ళ నాయిన ఎట్లుంటడో సూసిపోదామని వచ్చిన," అన్నాడు. నేరేడుచర్ల నుంచి బస్సెక్కి వచ్చాడు, దాని కోసం.

నేను లేచి ఆపేలోపే మేజర్ లోపలి నుంచి దూసుకొచ్చాడు. కొత్త మనిషి కదా. మొరిగాడు, రెండు దూకులు దూకాడు, బిచ్చా కాళ్ళ ముందుకు వచ్చి పక్కకు ఒరిగిపోయాడు.

"తాళాలు!" అని మా ఆయన బీరువా వైపు పరుగెత్తాడు. పాపం, అలవాటు చేసింది నేనే.

"వద్దు," అన్నాను.

ఒడిలోని పూలన్నీ నేల మీద పడ్డాయి. పోయి మేజర్ పక్కన కూర్చున్నాను. బిచ్చా అప్పటికే గొంతుక్కూర్చుని వాడి తల తన అరచేతిలో పెట్టుకున్నాడు. చెయ్యి పక్కటెముకల మీద పెట్టాను. ఏమీ లేదు. ఏమీ లేదు. నాకు తెలిసిన దేవుళ్ళ పేర్లన్నీ మర్చిపోయాను. బిచ్చా వాడి చెవి వెనక మెల్లగా గోకుతూ ఉన్నాడు.

చేతికింద ఒకటి కొట్టింది. తర్వాత ఇంకొకటి.

మేజర్ కళ్ళు తిప్పి నన్ను చూశాడు, బిచ్చాను చూశాడు. ముందుకాళ్ళు నేలకు ఊని లేచాడు. ఎవరూ ఏమీ పెట్టలేదు, తనే లేచాడు. అంటే ఇన్నిసార్లూ తనే లేచాడన్నమాట. నేను తాళాలు పట్టుకుని ఊరికే మురిశాను.

"లేచిండు," అన్నాడు బిచ్చా, నాకు కనబడనట్టు.

"ఇయ్యాల లేచిండు," అన్నాను.

మా ఆయన టీ పెట్టడానికి పోయాడు. బిచ్చా గుడ్డసంచిలోంచి చిన్న టిఫిన్ డబ్బా తీశాడు. లోపల ఉడకబెట్టిన గుడ్లు, ఇంటి కోళ్ళవి. జమ్లీ పంపిందట, కెప్టెన్‌కు ఇష్టమని వాళ్ళ నాయినకూ ఇష్టమే అయ్యుంటుందని. ఒకటి తీసుకుని పెంకు జేబులో వేసుకుంటూ నిదానంగా ఒలిచాడు. మేజర్ తోక ఆడించకుండా, కన్ను ఆర్పకుండా ఆ గుడ్డునే చూస్తూ కూర్చున్నాడు.

బిచ్చా దాన్ని రెండు ముక్కలు చేశాడు. ఒకటి మేజర్ నోటికి పెట్టి, ఒకటి తను తిన్నాడు.